మిక్సీ అడుగున తెల్లపొడి

జగ్గయ్యపేటలో భవానీప్రసాద్ షాపు లోపలి గోడకి చివరిసారి సున్నం పడింది తొంభై అయిదులో. మొదటి నాలుగేళ్ళూ బద్ధకం వల్ల వేయించలేదు. ఆ తరవాతది బద్ధకం కాదు. గోడ నిండా పెన్సిలుతో రాసిన పేర్లున్నాయి. రిపేరుకి మిక్సీ వచ్చినప్పుడల్లా మనిషి పేరు, ఊరు, చేసిన పని ఒక్క ముక్కలో గోడ మీద రాసుకోవడం, మిక్సీ పట్టుకెళ్ళాక పేరు మీద అడ్డంగా గీత గీయడం అతని పద్ధతి. కాగితమైతే ఎగిరిపోతుంది, గోడ ఎక్కడికి పోతుంది అనేవాడు. గోడ ఎక్కడికీ పోదన్న సంగతి అతనికి నిజంగా బోధపడింది తొంభై తొమ్మిది దసరా ముందు.

అతను మొదట్లో మోటార్లు చుట్టేవాడు. బెజవాడలో మూడేళ్ళు వైండింగ్ పని నేర్చుకుని, ఎనభై తొమ్మిదిలో బస్టాండుకి దగ్గర్లో ఒక గది అద్దెకు తీసుకున్నాడు. ఎండాకాలం వస్తే బోరు మోటార్లు కాలేవి, అతనికి పని దొరికేది. పత్తి బాగా పండిన రెండు మూడేళ్ళలో పల్లెల్లోకి మిక్సీలొచ్చాయి. రోళ్ళు పెరట్లోకి దొర్లాయి. మిక్సీల వెనకే చీమలూ వచ్చాయి.

చీమకి మిక్సీలో అన్ని సౌకర్యాలూ ఉంటాయి. లోపల వెచ్చన, చీకటి. పచ్చడి చేసేటప్పుడు ఒలికిన చుక్క సందులోంచి కిందికి జారి అక్కడే ఎండుతుంది. స్విచ్చిలో రెండు రాగిరేకులు కలిసేచోట పది చీమలు చేరితే చాలు. మీట తిప్పగానే అవి మాడి రేకుల మధ్య నల్లటి పొరలాగా అంటుకుపోతాయి. మిక్సీ ఉలకదు, పలకదు. మోటారు కాలిపోయిందని ఇల్లాలు ఏడుపుమొహంతో తెస్తుంది. విప్పి చూస్తే మోటారు నిక్షేపంగా ఉంటుంది. రేకులు గీకి బిగించడం పావుగంట పని. నెల తిరక్కుండా అదే మిక్సీ, అదే ఏడుపుమొహం మళ్ళీ వచ్చేవి. జనం చీమల్ని ఏమీ అనరు. మెకానిక్‌ని అంటారు.

తొంభై ఆరులో పుల్లయ్య అనే పత్తిరైతు దీనికి విరుగుడు చెప్పాడు. తమ ఇంట్లో చీమ గడప తొక్కదనీ, చేలో చల్లగా మిగిలిన మందుపొడి నీళ్ళబిందె చుట్టూ ఇంత, పంచదార డబ్బా కింద ఇంత వేస్తామనీ చెప్పి, మర్నాడు న్యూస్‌పేపర్లో పొట్లం కట్టి తెచ్చిచ్చాడు. ఆ మందు సంచీ మీద ఏం బొమ్మ ఉందో, ఏం రాసి ఉందో భవానీప్రసాద్ చూడలేదు. అతనికి అందింది పొట్లమే. మిక్సీ అడుగుపలక విప్పి, లోపల చెంచాడు పొడి చల్లి, మళ్ళీ బిగించాడు. ఆ మిక్సీ తిరిగి రాలేదు. రెండోదీ రాలేదు. అప్పట్నించీ షాపుకొచ్చిన ప్రతి మిక్సీకీ చెంచాడు. గోడ మీద పేరు పక్కన 'పొడి' అని రాసేవాడు. అక్కడ బాగుచేయిస్తే చీమ రాదట అన్న పేరు నందిగామ దాకా పాకింది. అడిగినవాళ్ళకి నీళ్ళబిందె కింద చల్లుకోమని చిన్న పొట్లం కూడా కట్టిచ్చేవాడు. దానికి పైసా తీసుకోలేదు. అది తన మంచితనమనుకున్నాడు.

అతని ఇంట్లోనూ అదే వరస. భార్య ఉషశ్రీ రోజూ పొద్దున్నే వాకిట్లో బియ్యప్పిండితో ముగ్గు వేసేది. సున్నపుముగ్గు వేస్తే ఏం పుణ్యం, పిండిముగ్గయితే చీమలు తింటాయి అని వాళ్ళమ్మ చెప్పిన మాట. ముగ్గయ్యాక అదే చెయ్యి కడుక్కుని లోపలికెళ్ళి, బిందె చుట్టూ పొడి చెదిరితే సర్దేది. గడపకి ఆ పక్కన తెల్లటి గీత, ఈ పక్కన తెల్లటి గీత. రెండూ చీమల కోసమే. మూడేళ్ళపాటు ఆ ఇంట్లో గాని, ఆ చుట్టుపక్కల వంద ఇళ్ళలో గాని ఇందులో ఏదో తేడా ఉందని ఎవరికీ తట్టలేదు. పుణ్యం అలవాటైనచోట కళ్ళు పనిచేయడం మానేస్తాయి.

తొంభై తొమ్మిది సెప్టెంబరులో నందిగామ కాలేజీలో జువాలజీ చెప్పే ఉదయభాస్కర్ మిక్సీ తెచ్చాడు. సగం పనిలో ఉండగా పొట్లం వాసన తగిలి అదేమిటని అడిగాడు. భవానీప్రసాద్ కాస్త గర్వంగానే చెప్పాడు. ఉదయభాస్కర్ స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు.

"ఇది తిండి చేసుకునే మిషనయ్యా."

"లోపల బిగించేస్తా కదండీ. బైటికెలా వస్తుంది?"

ఉదయభాస్కర్ వాదించలేదు. ఆ మందు పురుగునొకలా, మనిషినొకలా చూడదని చెప్పాడు. ఒంట్లోకి పోతే నోట్లోంచి చొంగ కారుతుంది, ఒళ్ళంతా చెమట పడుతుంది, వాంతులవుతాయి, ఊపిరి అందదు. కొంచెం కొంచెంగా పోతే తలతిప్పుడు, నీరసం. అదేమిటో డాక్టరుకీ అంతుపట్టదు. తన మిక్సీ మాత్రం పొడి లేకుండా బిగించమని, ఆ పొట్లాన్ని ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కోమని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం భవానీప్రసాద్ షాపులో దేవుడి పటం ముందున్న కుంకుమభరిణె తీశాడు. తన సొంత మిక్సీ అడుగున, పొడి చల్లే చోటే, చెంచాడు కుంకుమ చల్లి బిగించాడు. జాడీలో నానబెట్టిన బియ్యం వేసి రెండు నిమిషాలు తిప్పాడు. మోటారు కింద ఫ్యాను ఉంటుంది; అది కిందినించి గాలి పీల్చి పైకి ఊదుతుంది. ఇన్నేళ్ళుగా వందలసార్లు విప్పి బిగించిన ఫ్యాను. జాడీ కూర్చునే గుంటలో ఎర్రటి నలక పేరుకుంది. జాడీ అడుగంతా ఎరుపు. ఏ ఇల్లాలైనా ఏం చేస్తుందో అతనూ అదే చేశాడు. జాడీ ఎత్తి, గిన్నె మీద బోర్లించి, అడుగు మీద అరచేత్తో రెండు తట్లు తట్టాడు. తెల్లటి పిండి మీద ఎర్రటి చుక్కలు రాలాయి.

మర్నాడు పండక్కి గోడకి సున్నం వేయడానికొచ్చిన మనిషిని గుమ్మంలోంచే వెనక్కి పంపేశాడు. గోడ మీద 'పొడి' అని ఉన్న పేర్లు నూట అరవై రెండు.

దసరాకి షాపు తెరవలేదు. సంచీలో స్క్రూడ్రైవర్లు, కుంచె, సబ్బు, ముక్కుకి కట్టుకునే తువ్వాలు వేసుకుని ఇంటింటికీ బయల్దేరాడు. నిజం చెబుతానని బయల్దేరాడు గాని, మొదటి ఇంటి గుమ్మంలో నోరు తెరిచేసరికి వేరేమాట వచ్చింది. పండక్కి ఫ్రీ సర్వీసింగ్ అన్నాడు. ఇల్లాలు సంతోషించింది. పెరట్లో మిక్సీ విప్పి, పొడంతా దులిపి, తడిగుడ్డతో తుడిచి, బావికి దూరంగా లోతుగా గొయ్యి తీసి పాతిపెట్టాడు. నీళ్ళబిందె చుట్టూ ఉన్నది కూడా తుడిచేశాడు. వానాకాలం కదమ్మా, మందు పాతబడింది అన్నాడు. కాఫీ ఇచ్చారు. రెండో ఇంట్లోనూ అదే మాట, మూడో ఇంట్లోనూ. ఇంత మంచి మెకానిక్ ఎక్కడా ఉండడని చెప్పుకోవడం మొదలెట్టారు. అబద్ధానికి అంత మర్యాద దక్కుతుంటే మానడం తేలిక కాదు.

వత్సవాయిలో కృష్ణయ్య ఇంటికి వెళ్ళింది అయిదో రోజు. కృష్ణయ్య పొలంలో ఉన్నాడు. భార్య పుష్పవతి మిక్సీ తెచ్చి అరుగు మీద పెట్టింది. నలభైకి దగ్గరపడుతున్న మనిషి, మాట తక్కువ. గోడకి దండ వేసిన ఫోటో ఉంటే ఎవరని అడిగాడు.

"మా అత్తయ్య, అన్నయ్యా. బసవమ్మ గారు. కిందటేడు మే నెల్లో పోయారు."

పనిచేస్తూ వింటున్నాడు. బసవమ్మకి ఒక్క పన్ను లేదు. అన్నం, పప్పు, కూర ఏదైనా మిక్సీలో వేసి మెత్తగా తిప్పి పెట్టాల్సిందే. మూడుపూటలా ఆవిడకి ఆ జాడీలోంచే. ఆ ఏడు ఎండలు పెట్రేగిపోయాయి కదా, వాంతులు పట్టుకున్నాయి. నోట్లోంచి నీళ్ళు ఊరుతూనే ఉండేవి, పక్కంతా చెమటతో తడిసిపోయేది. ఆస్పత్రిలో ఎండదెబ్బ అన్నారు. రెండోరోజు తెల్లారేసరికి అయిపోయింది.

అతని చేతిలో అడుగుపలక ఉంది. దాని మీద పొడి గట్టిపడి పొరకట్టి ఉంది. గోడ మీద రాసింది గుర్తుంది: కృష్ణయ్య, వత్సవాయి, స్విచ్చి, పొడి. ఆ మిక్సీ వచ్చింది శివరాత్రి తరవాత. బసవమ్మ పోయింది మేలో. అతను పొడి దులిపాడు, తుడిచాడు, బిగించాడు. పుష్పవతి ఇచ్చిన మజ్జిగ తాగాడు. ఫ్రీ సర్వీసింగే చెల్లెమ్మా అని చెప్పి బస్సెక్కాడు.

తరవాత తొమ్మిది రోజులు ఇంకా చాలా ఇళ్ళు తిరిగాడు. తిండి సయించలేదు. ఉషశ్రీ గుచ్చిగుచ్చి అడిగితే చెప్పాడు. ఆవిడ తల్లిని పిలిపించింది. ఆ పెద్దావిడ సంగతంతా విని, తెలీక జరిగిన దోషానికి శాంతి ఉంటుందనీ, వేదాద్రి వెళ్ళి అభిషేకం చేయించుకుని, నలభై రోజులు చీమలకి నూకలు చల్లితే పోతుందనీ చెప్పింది. శాంతి చేయించుకుంటే శాంతి తనకొస్తుంది. పొడి తిన్నవాళ్ళకి ఆ సంగతే తెలియదు. ఆ ముక్క అతనికి లెక్కల పుస్తకంలో జవాబంత స్పష్టంగా కనిపించింది. మర్నాడు పొద్దున్నే వత్సవాయి బస్సెక్కాడు.

ఈసారి కృష్ణయ్య ఇంట్లోనే ఉన్నాడు. పుష్పవతి చాట ముందేసుకుని కందులు బాగుచేస్తోంది. భవానీప్రసాద్ అరుగు మీద కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పాడు. పొట్లం, చెంచా, ఫ్యాను, కుంకుమ, కిందటిసారి చెప్పిన అబద్ధం. ఏదీ దాటెయ్యలేదు.

కృష్ణయ్య మెత్తటి మనిషి. పోనీలెండి, తెలిసి చేశారా ఏంటి, అమ్మకి ఆయుష్షు అంతవరకే రాసిపెట్టాడు అన్నాడు.

"ఆయుష్షు సంగతి ఎవరడిగారు?" అంది పుష్పవతి, చాటలోంచి తలెత్తకుండా. "మిక్సీలో ఏముందో చెబుతున్నాడు. నన్ను విననీ."

ఆవిడ చాట పక్కన పెట్టింది.

"అయితే మా అత్త పోయింది నీ మందు వల్లేనా?"

"అవునని చెప్పలేనమ్మా. కాదని కూడా చెప్పలేను. డాక్టరు చూసింది ఎండని. నేను చూసింది పొడిని."

పుష్పవతి లేచి లోపలికెళ్ళింది. తిరిగొచ్చేసరికి చీర మార్చుకుని ఉంది. అప్పుడు కృష్ణయ్య చెబితే గాని భవానీప్రసాద్‌కి తెలియలేదు, ఆవిడ ఏడాదిన్నరగా ఏం మోస్తోందో. బసవమ్మ కూతురు కమలాకుమారి నందిగామలో ఉంటుంది. తల్లి పోయిన పదకొండో రోజున పదిమందిలో ఒకమాట అంది. ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు, కోడలు చేతి కూడు తిన్న మా అమ్మే పోయింది అని. ఆ తరవాత పుట్టింటి గడప తొక్కలేదు. ఊళ్ళో ఎవరూ మొహం మీద అనలేదు. కాని ఏ ఇంట్లోనైనా పేరంటానికి వెళ్తే, పుష్పవతి కలిపిన పులిహోర అలాగే ఉండిపోయేది. ఆవిడ పేరంటాలు మానేసింది.

"నాకు చెప్పి ఏం లాభం? మా ఆడబిడ్డకి చెప్పు. ఇప్పుడే, నాతో రా."

అన్నయ్యా అనలేదు. ఆ పిలుపు మళ్ళీ ఎన్నడూ రాలేదు.

నందిగామలో కమలాకుమారి తలుపు తీసి, వదినను చూసి, వెనకున్న మనిషిని చూసి, గుమ్మానికి అడ్డంగా నిలబడింది. భవానీప్రసాద్ చెప్పడం మొదలెట్టేసరికి నవ్వింది.

"ఏడాదిన్నరకి సాక్షి దొరికాడా వదినా? బాగా వల్లెవేయించి తెచ్చావు."

భవానీప్రసాద్ సంచీలోంచి కుంకుమ పొట్లం తీశాడు. మీ ఇంట్లో మిక్సీయే తెండి, నా మాట నమ్మొద్దు, మీ కళ్ళతో చూడండి అన్నాడు. కమలాకుమారి ఏ కళనుందో, తెచ్చింది. వసారాలో కూర్చుని, షాపులో చేసినట్టే చేశాడు. జాడీ బోర్లించి తట్టే పని మాత్రం ఆవిణ్ణే చేయమన్నాడు. ఆవిడే తట్టింది. పళ్ళెంలో పిండి మీద ఎర్రటి చుక్కలు పడ్డాయి.

కమలాకుమారి చేతిలో జాడీ అలాగే ఉంది. వదినతో అంది.

"అమ్మకి పెట్టేముందు నువ్వు ఒక ముద్ద తినేదానివి కదా. వేడి చూడ్డానికి."

"రోజూ తినేదాన్ని. ఆ ఎండాకాలమంతా నాకూ కళ్ళు తిరిగేవి. పనెక్కువై అనుకున్నా."

కమలాకుమారి లోపలికెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి వదిన చేతిలో పెట్టింది. క్షమించమని అడగలేదు. పుష్పవతి ఆ నీళ్ళు పూర్తిగా తాగింది. అప్పుడు కమలాకుమారి భవానీప్రసాద్ వైపు తిరిగింది.

"నువ్వు మా గడప దిగు."

అతను దిగాడు.

ఆ తరవాత జరగాల్సింది జరిగింది. ఫ్రీ సర్వీసింగ్ అని అబద్ధం చెప్పిన ఇళ్ళన్నిటికీ మళ్ళీ వెళ్ళి నిజం చెప్పాడు. కొందరు తిట్టారు, కొందరు మిక్సీయే పారేశారు. ఒకాయన షాపుకొచ్చి నలుగుర్లో చొక్కా పట్టుకున్నాడు. పుల్లయ్యలాంటివాళ్ళు ఇంతోటి దానికి అంత రాద్ధాంతమా అని నవ్వి, బిందె కింద పొడి అలాగే ఉంచుకున్నారు. ఏడాదిపాటు షాపుకి మిక్సీ రాలేదు. బోరు మోటార్లతో బతికాడు. నూట అరవై రెండు పేర్లలో పదకొండు దొరకలేదు; ఊరు వదిలిపోయినవాళ్ళు, మిక్సీ ఎవరికో ఇచ్చేసినవాళ్ళు. వాటి చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టాడు. గోడకి సున్నం పడకపోవడానికి కారణం ఆ పదకొండు.

క్రమంగా జనం మళ్ళీ వచ్చారు. అతను మాత్రం బాగుచేసిన మిక్సీని ఊరికే ఇవ్వడం మానేశాడు. పని కాగానే తుడిచి ప్లగ్గు పీకి ఉంచమనేవాడు. జాడీ కూర్చునే గుంటలో తడి ఉండకూడదు. బల్ల కాళ్ళ కింద నాలుగు కొబ్బరిచిప్పల్లో నీళ్ళు పొయ్యాలి, బల్ల గోడకి ఆనకూడదు. ఆనిందా, చీమకి వంతెన కట్టినట్టే. చిప్పల్లో నీళ్ళు మూడురోజులకోసారి పారబోయాలి, లేకపోతే దోమలు. మంచినీళ్ళ బిందె స్టాండు కాళ్ళకి ఆముదంలో ముంచిన గుడ్డపీలిక చుట్టాలి, వారానికోసారి మార్చాలి. ఇవేవీ కొత్తవి కావు. పొడి రాకముందు ప్రతి ఇంట్లో ఉన్నవే. వినేవాళ్ళకి విసుగొచ్చేది. ఇంత చాకిరీ ఎవరు చేస్తారు, ఏదన్నా మందు చెప్పకూడదా అనేవారు. మందు లేదండీ, చాకిరీయే అనేవాడు. ఉషశ్రీ పిండిముగ్గు మానలేదు. అతనూ మానమనలేదు. గడప లోపలి గీత మాత్రం పోయింది.

రెండువేల సంవత్సరం ఉగాదికి వారం ముందు పుష్పవతి షాపుకొచ్చింది. చేతిసంచీలో మిక్సీ. చెడిపోలేదు. బల్ల మీద పెట్టి ఒకటే మాట అంది.

"విప్పు. చూస్తాను."

విప్పాడు. ఆవిడ వంగి అడుగుపలక, ఫ్యాను, మూలలు, అన్నీ పరీక్షగా చూసింది. వేలితో రాసి వెలుతురుకి పట్టి చూసింది. సరే, బిగించు అని వెళ్ళిపోయింది. మరుసటేడూ వచ్చింది. ఆపై ఏడూ. అది కక్షో అలవాటో అతనికి తెలియదు, అడగనూ లేదు. ఉగాది దగ్గరపడుతుంటే బల్ల మీద అన్నీ తీసేసి చోటు చేసి ఉంచేవాడు. ఊళ్ళో ఎవరైనా ఆవిణ్ణి చూసి, పాపం క్షమించేసింది మహాతల్లి అంటే అతనికి ఒళ్ళు మండేది. క్షమించినావిడ పదికిలోమీటర్లు మిక్సీ మోసుకుని రాదు.

రెండువేల ఎనిమిదిలో వచ్చినప్పుడు ఆవిడకి జుట్టు సగం నెరిసింది. ఈసారి మిక్సీ తిరగడం లేదంది. భవానీప్రసాద్ విప్పాడు. స్విచ్చి రేకుల మధ్య నల్లటి పొర. అడుగుపలక మూలన, వైరు పక్కన, చిన్నచిన్న ఎర్రచీమలు కుప్పపోసి ఉన్నాయి. మధ్యలో బియ్యపునూకల్లా తెల్లటి గుడ్లు. వెలుతురు తగలగానే చీమలు ఒక్కసారి చెదిరి, తలో గుడ్డూ నోట కరుచుకుని పరుగుతీశాయి. భవానీప్రసాద్‌కి సిగ్గేసింది. చిప్పలూ, ఆముదం గుడ్డా చెప్పినవాడి పని ఇదా అంటుందనుకున్నాడు.

పుష్పవతి వంగింది.

"చీమలా?"

"అవునమ్మా."

"బతికున్నాయా?"

"బతికే ఉన్నాయి. గుడ్లు కూడా పెట్టాయి."

ఆవిడ కాసేపు వాటినే చూసింది. పలక అంచు దిగి, బల్ల మీదుగా, గోడ మీద పేర్ల మధ్యలోంచి ఒక్కో చీమా గుడ్డు మోసుకుంటూ పైకి పోతోంది. ఈసారి పొడి కోసం వేలితో రాసి చూడలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది.

"దులిపి బిగించు," అంది.